నలభై ఏడు అంతస్తుల కింద మట్టి

కరీమున్‌కి ఊరికే కూర్చోవడం చేతకాదు. చేతకాదంటే నిజంగానే చేతకాదు. యాభై నాలుగేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళుగా గుంటూరు మిర్చి యార్డులో కాయలు ఏరుతోంది. తాలు కాయ ఇటు, మంచి కాయ అటు అని చేతులు ఆడుతుంటేనే ఆమెకి ఊపిరాడుతుంది. అలాంటి మనిషిని తీసుకొచ్చి ఓ ప్లాస్టిక్ కుర్చీలో కూలేసి, "నువ్వేం చెయ్యొద్దక్కా, ఈ షెడ్డు చూసుకుంటూ కూర్చో, చాలు" అన్నాడు తమ్ముడు మొహిద్దీన్ బాషా. వినడానికి ఎంత హాయిగా ఉందో ఆ మాట! మూడో రోజుకల్లా ఆమెకి పిచ్చెక్కినంత పనైంది.

అసలు ఆమె అక్కడికి రావడానికి కారణం సెలవులు. ఎండలు ముదిరాక యార్డు మూస్తారు. మూసిన నెల రోజులూ ప్రత్తిపాడులో తమ్ముడి ఇంట్లో కూర్చుని, మరదలు మదార్‌బీ వండిపెడుతుంటే తినడం ఆమెకి నామోషీ. భర్త చనిపోయినప్పుడు బాషానే వచ్చి, ఆమె ట్రంకు పెట్టె తన బండి మీద పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళలో "నా ఇంట్లో ఉంటున్నావు" అన్న మాట వాడి నోటి నుంచి ఒక్కసారి రాలేదు. అందుకే వాడు సాయం అడిగితే ఆమె ముందు లేచి నిలబడుతుంది, తర్వాత ఏం పనని అడుగుతుంది.

బాషాకి బోరు బండి ఉంది. ఇరవై ఏళ్ళుగా వినుకొండ మెట్ట నుంచి ఒంగోలు దాకా చేలల్లో నీళ్ళ కోసం నేలని తొలుస్తున్నాడు. నీళ్ళు పడితే రైతు దేవుడికి దణ్ణం పెడతాడు, పడకపోతే బాషాని తిడతాడు. ఈ మధ్య పడని బోర్లే ఎక్కువయ్యాయి. తిట్లు తిని తిని మనిషి వాడిపోయాడు. అలాంటి సమయంలో మట్టి పరీక్షలు చేసే ఓ కంపెనీ వాళ్ళు పిలిచారు. ఆకాశమంత భవనం కట్టబోతున్నారు, దానికి ముందు నేల లోపల ఏముందో చూడాలి, మేమిచ్చే సామాను నీ బండికి బిగించి మూడు చోట్ల లోతుగా దింపి మట్టి తీసివ్వు అన్నారు. ఈ మూడూ శుభ్రంగా చేస్తే మరో అరవై చోట్ల పని నీకే అన్నారు.

"ఈ పనిలో నీళ్ళు పడలేదని తిట్టేవాడుండడక్కా. మట్టి వస్తే చాలు. మట్టి రాని చోటుంటదా ఎక్కడన్నా?" అన్నాడు బాషా ఇంటికొచ్చి. వాడు అలా నవ్వగా చూసి కరీమున్‌కి ఎన్నేళ్ళయిందో. ఆ నవ్వు చూశాక ఆమె షెడ్డు కాపలాకి రానంటుందా?

షెడ్డు ఉన్నది అమరావతిలో, ఆర్థిక నగరం అని బోర్డు పాతిన నేల మీద. కొంత దూరాన పాత ఊరు. వేల ఏళ్ళ నాటి స్తూపం ఉన్న ఊరు, ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి చూసి పోతారు. ఇటు పక్క మాత్రం బోర్డుంది గానీ నగరం ఇంకా రాలేదు. నల్లరేగడి నేల ఎండకి బీటలిచ్చి ఉంది. తుమ్మచెట్లున్నాయి, దూరాన రెండు క్రేన్లున్నాయి, పొద్దస్తమానం వడగాలి. ఆ నేల నడుమ నలభై ఏడు అంతస్తుల మేడ లేస్తుందట, అందులో బ్యాంకులూ కంపెనీలూ కొలువుంటాయట.

బోరులోంచి తీసిన మట్టిని గొట్టాల్లో పెట్టేవాళ్ళు. మూరెడు గొట్టం, నిలువునా రెండు బద్దలుగా విడిపోతుంది. మట్టి లోపలుండగానే బద్దలు రెండూ మూసి టేపు చుట్టి, రెండు చివర్లా మైనం కరిగించి పోసి, ఏ బోరు, ఎంత లోతు అని చీటీ అంటించి షెడ్డులో పేర్చేవాళ్ళు. "ఇదే మన సరుకక్కా. పాడవకుండా చూసుకో" అని చెప్పి బాషా బోరు కాడికి పోయాడు. ఆ మట్టికి పాడవడమంటే ఏమిటో చెప్పలేదు. చెప్పాలని తోచలేదు వాడికి. సరుకు సంగతి కరీమున్‌కి ఒకరు చెప్పాలా?

చెప్పక్కర్లేదనే ఆమె కూడా అనుకుంది. యార్డులో ఆమెకో పేరుంది. కరీమున్ ఏరి కట్టించిన బస్తా అంటే కొనేవాడు చెయ్యి పెట్టి చూడడు. బరువు తూగాలని కాయల మీద నీళ్ళు చల్లి బస్తాలు కుట్టే వాళ్ళుంటారు. వాళ్ళ పక్కన ఆమె కూర్చోనైనా కూర్చోదు. ఒకసారి ఓ కొట్టు యజమాని "ఒక్క చెంబెడు చల్లవే, ఎవడు చూస్తాడు" అంటే, ఆ చెంబు నీళ్ళు అక్కడే తాగేసి, ఆ రోజు కూలి వదులుకుని లేచొచ్చేసింది. ఇల్లూ పొలమూ పిల్లలూ లేని మనిషికి ఆ పేరొక్కటే ఆస్తి.

అలాంటి చేతులకి ఇక్కడ పని లేదు. మొదటి రోజు షెడ్డు మూడుసార్లు ఊడ్చింది. రెండో రోజు చుట్టూ గులకరాళ్ళు ఏరి కుప్ప పోసింది. మూడో రోజు బోరు బండి మీద డబ్బాలో కలగాపులగంగా పడున్న బోల్టులూ నట్టులూ బయట పోసి, చిన్నవి చిన్నవి, పెద్దవి పెద్దవిగా వేరు చేసింది. దేని నట్టు ఏదో తెలియక పనివాళ్ళు గంటసేపు జుట్టు పీక్కున్నారు. "అక్కా, నీకు దణ్ణం పెడతా, ఏదీ ముట్టుకోమాక" అన్నాడు బాషా. ఆమె కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. గాలి తగ్గితే ఒకలా, గాలి లేస్తే ఒకలా మనసు కొట్టుకులాడేది.

అయిదో రోజు కంపెనీ ఇంజనీరు వచ్చింది. హారిక అని, పాతికేళ్ళు దాటి ఉంటాయేమో, తల మీద పసుప్పచ్చ టోపీ, కాళ్ళకి మగవాళ్ళ బూట్లు. గొట్టాలన్నీ లెక్క చూసుకుని, నీడలోకొచ్చి కరీమున్ పక్కనే బకెట్టు బోర్లించి కూర్చుంది. ఫోన్లో బొమ్మ తీసి చూపించింది.

"ఇదేనండి పిన్నిగారూ, ఇక్కడ రాబోయేది."

"ఇంతుందేందమ్మా! పైనున్నోళ్ళకి మంచినీళ్ళెట్టా?"

"మోటార్లుంటాయండీ."

"కరెంటు పోతే?"

"పోదండీ ఇక్కడ."

"ఏ ఊరమ్మా నీది?"

"వినుకొండ పక్కనండీ. మాదీ మిర్చి వ్యవసాయమే."

"అయ్యుండీ కరెంటు పోదంటావా!" అంది కరీమున్. ఇద్దరూ నవ్వుకున్నారు.

తర్వాత కరీమున్ ఆ బొమ్మని చాలాసేపు చూసింది. రోజుకి పదివేల మంది దాకా అందులో పనిచేస్తారని చెప్పింది హారిక. పదివేల మంది! సీజన్లో యార్డుకొచ్చే జనమంతా ఒకరి నెత్తిన ఒకరు కూర్చున్నట్టే. "ఇంత బరువు ఈ రేగడి మోస్తదా తల్లీ? మా ప్రత్తిపాడులో ఒంటి అంతస్తు ఇళ్ళకే గోడలు చీలుతున్నాయి."

"మోస్తుందో లేదో, ఎంత లోతుకి పోతే మోస్తుందో చూడాలండీ. అది చెప్పేది మీ దగ్గరున్న ఈ గొట్టాలే" అని లేచి వెళ్ళిపోయింది హారిక. అప్పట్నుంచి కరీమున్ ఆ గొట్టాల వంక చూసే చూపు మారింది. ఇదివరకు మట్టి అనుకుంది, ఇప్పుడు నిజంగానే సరుకైంది. చీకటి పడితే చీటీలు తడిమి చూసుకునేది. అయినా చేతులు మాత్రం ఖాళీయే.

తొమ్మిదో రోజుకి మూడు బోర్లూ పూర్తయ్యాయి. గొట్టాలు ముప్పై రెండు తేలాయి. మర్నాడు పది గంటలకి హారిక వ్యాను తీసుకొచ్చి వాటిని ల్యాబుకి పట్టుకుపోతుంది. బోరు బండిలో ఏదో పంపు చెడిందని బాషా పనివాళ్ళిద్దరినీ వెంటేసుకుని ఆ పొద్దున్నే ఆటోలో గుంటూరు వెళ్ళాడు. కరీమున్ ఒక్కతే మిగిలింది. టీ పెట్టుకుని తాగింది. ఊడ్చిన షెడ్డే ఊడ్చింది. అప్పుడు కనబడింది ఆమెకి, ఓ గొట్టం చివర మైనం ఎండకి చిట్లి ఉండడం.

వంగి చూసింది. చిట్లిన చోట తడి. వేలు పెట్టి వాసన చూసింది. ముక్కిన వాసన. తేమ ఉండగానే కట్టేశారు! తేమ ఉన్న కాయ మూట కడితే ఏమవుతుందో ఆమెకి తెలియదా? రెండ్రోజుల్లో ఉడుకెత్తి, నాలుగో రోజుకి బూజుపట్టి, విప్పేసరికి బస్తా మొత్తం పారబోసుకోవాల్సిందే. తొమ్మిది రోజులైంది వీటిలో మొదటివి కట్టి! ఎవరు చెప్పారు వీళ్ళకి పచ్చి సరుకు బిగించమని? మగవాళ్ళు, వాళ్ళకేం తెలుస్తుంది? రేపా పిల్ల వచ్చి విప్పి చూస్తే తమ్ముడి పరువేం కాను?

అక్కడే ఆమె ఒక్క ఫోను చేసుంటే ఈ కథ లేదు. ఫోను నడుముకి దోపిన సంచిలోనే ఉంది. కానీ తడి సరుకు ఆరబెట్టాలా వద్దా అని ఎవరైనా ఫోను చేసి అడుగుతారా? యార్డులో తెలిస్తే పడీ పడీ నవ్వుతారు.

కొంగు బిగించి దిగింది. బండి మీది బరకం తెచ్చి ఎండలో పరిచింది. గొట్టం తర్వాత గొట్టం మైనం గీకి, టేపు ఊడదీసి, బద్దలు విప్పి, మట్టిని చేత్తో చిదిపి పలచగా ఆరబోసింది. నల్లది, గోధుమ రంగుది, సబ్బులా జారేది, ఇసక కలిసింది. కలిపెయ్యలేదు సుమా! ఏ లాటుకా లాటు వేరుగా పోసి, దేని చీటీ దాని తలకాడ రాయి కింద పెట్టింది. ఎండ నడినెత్తికొచ్చే వేళకి ఒకసారి, మళ్ళీ రెండింటికి ఒకసారి తిరగేసింది. తొమ్మిది రోజుల తర్వాత చేతులకి పని దొరికింది. ఒళ్ళంతా చెమట. ప్రాణం లేచొచ్చినట్టుంది. మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు, ఆకలి తెలియలేదు.

నాలుగున్నరకి బాషా వచ్చేసరికి మట్టి పెళపెళలాడుతోంది. ఆమె నవ్వుతూ ఎదురెళ్ళింది. "చూశావంట్రా, నేను చూడబట్టి సరిపోయింది. అంతా చెమ్మే. ఇయ్యాల ఆరబెట్టకపోతే రేపు మొహం ఎక్కడ పెట్టుకునేవాడివి?"

బాషా ఆటో దిగి బరకం దాకా వచ్చాడు. వంగి ఓ పెళ్ళ చేతిలోకి తీసుకున్నాడు. అది పొడై వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. అలాగే నేల మీద చతికిలబడ్డాడు.

"ఏందిరా? ఎండ దెబ్బా?"

"అన్నీ విప్పావా?"

"ఒక్కటీ వదల్లా."

అప్పుడు అరిచాడు. ఆ అరుపుకి పనివాళ్ళిద్దరూ వెనక్కి తగ్గారు. "ఏం పని చేశావే అక్కా! ముంచావు కదే నన్ను! ఆ తేమేనే వాళ్ళకి కావాల్సింది! నేల లోపల మట్టి ఎట్టుందో అట్టనే, ఇంత చెమ్మ కూడా పోకుండా ఇవ్వాలి. అందుకేగా మైనం పోసి చచ్చింది! ఎంత మెత్తగుందో, ఎంత నీరుందో చూసేగా పునాది ఎంత లోతో లెక్కకట్టేది! ఎండబెట్టావా? వడియాలా అవి ఎండబెట్టడానికి?"

కరీమున్ చేతులు చూసుకుంది. గోళ్ళ నిండా నల్లమట్టి. "మరి చెప్పలేదేందిరా నాకు" అని మాత్రం అంది, అదీ చాలా మెల్లగా.

చెప్పలేదు, నిజమే. అదే వాణ్ణి ఇంకా మండించింది. చెప్పుకాలితో బరకాన్ని తన్నాడు, తల కొట్టుకున్నాడు, ఫోను తీసి హారిక నంబరు నొక్కబోయి ఆగాడు. షెడ్డు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తిరిగి వచ్చేసరికి వాడి మొహం మారిపోయింది. కోపం లేదు, ఏదో ఆలోచన ఉంది. ఆ మొహం చూస్తేనే ఆమెకి ఎక్కువ భయం వేసింది.

"బకెట్టు నీళ్ళు తేండిరా" అన్నాడు పనివాళ్ళతో. "స్టవ్వు వెలిగించి మైనం పెట్టండి."

పొద్దు వాలేలోపు అయిపోవాలన్నట్టు చేశారు ఆ పని. బాషా బరకం మీద కూర్చుని, చెంబులో వేళ్ళు ముంచి, ఒక్కో లాటు మీద విదిలించడం, కలపడం, పిసికి చూడడం, గొట్టంలో దట్టించడం. అటు నుంచి మైనం పోస్తున్నారు. కరీమున్ గుంజకి ఆనుకుని వాడి వేళ్ళే చూస్తోంది. సరిగ్గా అలాగే విదిలిస్తారు యార్డులో. ముందు చుట్టూ చూసుకుని, తర్వాత వేళ్ళు ముంచి, పైపైన. ముప్పై ఏళ్ళు ఎవరి పక్కన కూర్చోనని లేచి పోయిందో, ఆ పని ఇప్పుడు తన తమ్ముడు చేస్తున్నాడు. అది కూడా తన వల్ల.

"ఒరేయ్ బాషా, వద్దురా. నీళ్ళు చల్లిన సరుకు పట్టుకుంటే తెలిసిపోద్ది."

"ఇది మిర్చి కాదు. వాళ్ళకి తెలియదు."

"తెలియకపోతే ఏమవుద్ది?"

"ఏమీ కాదు. ఎట్టాగూ లోతుకే పోతారుగా."

"ఎంత లోతో చెప్పేది ఈ మట్టేనన్నావుగా ఇందాక."

బాషా చెంబు కింద పెట్టాడు. "అక్కా, విను. ఆ పిల్లకి చెప్పానంటే ఇంత చేతగానివాడికి పనిచ్చామా అని ఈ పూటే పొమ్మంటారు. మళ్ళీ నేను మెట్టలో తిట్లు తింటా తిరగాలి. నా వల్ల కాదు. పాడు చేసింది నువ్వు. కనీసం నోరు మూసుకుని ఉండు. రేపు నోరిప్పావంటే నేను నీ తమ్ముణ్ణి కాను, నా ఇంటి గడప తొక్కమాక." పదకొండేళ్ళలో రాని మాట వచ్చేసింది. అన్నవాడికీ అర్థమైంది, విన్న మనిషికీ అర్థమైంది. బాషా మళ్ళీ చెంబు అందుకున్నాడు.

తెల్లారింది. ఆమె నిద్రపోయిందా అని అడక్కండి. ఆరింటికల్లా లేచి షెడ్డు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఒక చుట్టు తిరిగితే తమ్ముడు గుర్తొచ్చేవాడు. వాడు అన్నదాంట్లో అబద్ధం ఏముంది? పాడు చేసింది తనేగా! తింటున్నది వాడి కూడేగా! ఇంకో చుట్టు తిరిగితే ఆ ఫోన్లో బొమ్మ గుర్తొచ్చేది. నలభై ఏడు అంతస్తులు, పదివేల మంది. వాళ్ళలో ఒక్కరికీ కింద మట్టి సంగతి తెలియదు. చెయ్యి పెట్టి చూడకుండా బస్తా కొన్నవాళ్ళలాగే వాళ్ళూ నమ్మి ఎక్కుతారు. ఏమీ కాకపోవచ్చు. ఇంకా ఎన్ని పరీక్షలుంటాయో, ఎంతమంది పెద్ద పెద్ద వాళ్ళు చూస్తారో. కాకపోతే సరే. ఒకవేళ అయితే? మళ్ళీ తిరిగింది. కాళ్ళు నొప్పెట్టాయి గానీ మనసు ఒక్కచోట నిలవలేదు.

పదింటికి వ్యాను వచ్చింది. హారిక దిగి, "బాగున్నారా పిన్నిగారూ" అని పలకరించి గొట్టాల దగ్గరికి వెళ్ళింది. చీటీలన్నీ కాగితంతో సరిచూసుకుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎందుకుండవు? లాట్లు వేరుగా పోసింది కరీమున్ కదా. బాషా సంతకం పెట్టడానికి కలం తీశాడు. మొదటి పెట్టె పట్టుకుని వ్యాను డ్రైవరు లేచాడు.

"అమ్మాయ్" అంది కరీమున్. పెట్టెకి అడ్డంగా వచ్చి నిలబడింది. మళ్ళీ అంది. "అమ్మాయ్, ఆ సరుకు తీసుకుపోమాక."

"ఏమైందండీ?"

"నీళ్ళు చల్లిన సరుకది."

హారిక మిర్చి రైతు కూతురు. ఆ మాటకి అర్థం చెప్పించుకునే అవసరం ఆమెకి రాలేదు. పెట్టె దింపించింది. ఓ గొట్టం మైనం గీకి బద్దలు విప్పింది. పైన బురద. గిల్లితే లోపల గట్టి గట్టి గడ్డలు, ఎండిపోయి. గొంతుకూర్చుని ఇంకోటి విప్పింది, ఇంకోటి విప్పింది. లేచేసరికి ఆమె మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఎవరు విప్పారివి?"

"నేనేనమ్మా. చెమ్మగుంటే బూజు పడతదని ఎండబెట్టా. వాడు ఊళ్ళో లేడు. నాకు తెలియక చేశా."

"తెలియక ఎండబెట్టారు, సరే. మరి నీళ్ళు తెలియక చల్లరుగా? నీళ్ళెవరు చల్లారు?"

కరీమున్ తమ్ముడి వంక చూసింది. బాషా కలం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పనివాళ్ళిద్దరూ నేల చూపులు చూస్తున్నారు. ఇంతదాకా ఆమె ఆలోచించుకున్నది ఒక్కటే, సరుకు ఆపాలని. ఆ తర్వాత ఏమనాలో ఆలోచించుకోలేదు. నోటికి వచ్చింది అనేసింది.

"అదీ నేనే. వాడు తిడతాడని భయమేసి చల్లి మూసేశా. వాడికి తెలియదు."

"మీరా" అంది హారిక. "మా నాన్న ఏడాదంతా కష్టపడి యార్డుకి తెస్తే, నీళ్ళు చల్లే మీలాంటి వాళ్ళ మూలంగానే అందరి సరుకునీ అనుమానంగా చూస్తారండీ. ఇంత వయసొచ్చి ఇదేం బుద్ధి?" ఆ పిల్ల అంత తేలిగ్గా నమ్మేసింది. అదే కరీమున్‌కి గుచ్చుకుంది. "బాషాగారూ, ఈమె ఇంక ఇక్కడ కనబడకూడదు. మూడు బోర్లూ మళ్ళీ దింపండి. ఈసారి కాపలాకి వేరే మనిషిని పెట్టుకోండి."

బాషా నేల వంక చూస్తూ "సరేనండి" అన్నాడు.

కరీమున్ సంచి తీసుకుంది. వాడు తలెత్తలేదు. వాడి పని పోలేదు, ఇంకేం కావాలి? సరుకూ ఆగింది కదా. అయితే ఆ "సరేనండి" మాత్రం చెవిలో గింగురుమంటూనే ఉంది. తారు రోడ్డు దాకా అర కిలోమీటరు, బీటల మీద కాళ్ళు తడబడుతూ నడిచింది. వెనక బోరు బండి ఇంజను మొదలైన చప్పుడు వినబడింది. మంచిది, పని మొదలెట్టాడు అనుకుంది. అనుకుంటూనే ఏడుపొచ్చింది. రోడ్డు పక్కన నిలబడి, ఎవరూ చూడకుండా కొంగుతో మొహం తుడుచుకుంది. ముప్పై ఏళ్ళలో ఒక్కరు కూడా ఆమెని నీళ్ళు చల్లే మనిషి అనలేదు. ఈ రోజు తనే అనిపించుకుంది.

దూరంగా తుళ్ళూరు వైపు నుంచి ఆటో వస్తోంది. చెయ్యి ఎత్తబోతూ గమనించింది, వెనక బోరు ఇంజను చప్పుడు ఎప్పుడాగిందో, వినబడ్డం లేదు. తిరిగి చూస్తే బాషా, చెప్పులు లేకుండా, ఆ మండే నేల మీద పరుగెత్తుకొస్తున్నాడు. వచ్చి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నాడు.

"ఏందిరా? ఏం మర్చిపోయా?"

"చెప్పేశానక్కా."

"ఏం చెప్పేశావు?"

"నీళ్ళు చల్లింది నేనేనని."

కరీమున్‌కి కోపం నషాళానికంటింది. "నీకేమన్నా మతి పోయిందట్రా! సద్దుమణిగిందిగా! నోరు మూసుకుని పని చేసుకోక! ఏమందా పిల్ల?"

"బండి తీసుకుని పొమ్మంది. ఆ అరవై కూడా లేవంది."

"అయిందా? కడుపు నిండిందా? నాకేం పోయిందని చెప్పావు? ఎవరో ముసల్ది, బుద్ధి తక్కువది అనుకుంటారు, రెండ్రోజులకి మర్చిపోతారు. నీకు బండుంది, ఇల్లుంది, పెళ్ళాం ఉంది. అంత పని పోగొట్టుకుంటావంట్రా, వెధవా!"

బాషా నిటారుగా నిలబడ్డాడు. చెమటో కన్నీళ్ళో, మొహమంతా తడిగా ఉంది. "బండి స్టార్టు చేశానక్కా. చెయ్యి ఆడలా. నీకు తెలియదు, బోరు వెయ్యడానికి ఏ ఊరు పోయినా, రైతు నన్ను నమ్మనప్పుడల్లా నేను చెప్పేది ఒకటే. మా అక్క గుంటూరు యార్డులో కరీమున్, ఆమె బస్తాలో చుక్క నీళ్ళుండవు, నేను ఆమె తమ్ముణ్ణి అని. ఆ మాటకే దింపనిచ్చేవాళ్ళు బోరు. ఇరవై ఏళ్ళు ఆ పేరే అమ్ముకుని బతికా. ఇయ్యాల నా ముందే ఆ పిల్ల నిన్నట్టా అంటుంటే సరేనండి అన్నా."

ఆ సంగతి కరీమున్‌కి తెలియదు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా వాడు ఇంట్లో ఆ మాట అనలేదు.

"నా ఒక్క పేరు కోసం అరవై బోర్లు వదులుకున్నావంట్రా?" అంది.

"ఇంకో పేరుందా అక్కా మనింట్లో?" అన్నాడు బాషా.

ఆమె వాడి వీపు మీద ఒక్కటేసింది, గట్టిగా. తర్వాత అదే చేత్తో వాడి మొహం తుడిచింది. ఆటో వచ్చి పక్కన ఆగింది. ఎక్కుతారా లేదా అని డ్రైవరు రెండుసార్లు అడిగాడు. సామాను సర్దుకోవడానికి ఇద్దరూ వెనక్కి నడుస్తుంటే, పొద్దున్నే మంచి బేరం తగిలిందని గొణుక్కుంటూ అతను ఆటో ముందుకి పోనిచ్చాడు.